మెత్తమ్మ పిడికిట్లో తలంబ్రాలు

ఒకప్పుడు రాళ్ళకి చారల్లేవు. రాళ్ళలో ఎర్రపలుకులు అసలే లేవు. ఏ కొండని చూసినా ఉతికి ఉతికి వెలిసిపోయిన తువ్వాలులా ఒకటే బూడిదరంగు. కొండకీ కొండకీ తేడా తెలియక కొండముచ్చులు సాయంత్రం ఇల్లు చేరేసరికి, ఇది మా కొండంటే మా కొండని జుట్లు పట్టుకునేవి. అప్పట్లో కొండముచ్చు తోక ఇక్కణ్ణుంచి విశాఖపట్నం దాకా ఉండేది. అది వేరే సంగతి.

అప్పుడు నేలలు ఇప్పుడున్నట్టు ఉన్నచోట ఉండేవి కావు. చుట్టపుచూపుగా అటూ ఇటూ తిరిగేవి. పడమటమ్మ అని ఒక పెద్ద నేల, తూర్పమ్మ అని ఇంకో పెద్ద నేల. ఇద్దరి మధ్యా సముద్రుడు. పడమటమ్మ ఆవలిస్తే ఆ నోట్లోకి ఏనుగుల మంద దారి తప్పి దూరేది. లోపలే పెళ్ళిళ్ళు చేసుకుని, మనవల్ని ఎత్తుకుని బయటికొచ్చేది. అంతంత నేలలన్నమాట.

పడమటమ్మ ఒడ్డున మెత్తమ్మ ఉండేది. మెత్తమ్మ బురదపిల్ల. వాళ్ళమ్మ ఏటమ్మ, అంటే ఏరు. కొండల మీద మన్ను కడిగి తెచ్చి, పిడికెడు పిడికెడు పోసి పెంచుకున్న పిల్ల. ఎంత మెత్తనంటే, సీతాకోకచిలుక వచ్చి వాలితే మోకాళ్ళదాకా దిగబడిపోయేది. చేప తోక తగిలి బుగ్గ సొట్టపడితే, ఆ సొట్ట పూడడానికి మళ్ళీ వానాకాలం రావాలి.

సముద్రుడికి మెత్తమ్మని చూస్తే నోరూరేది. పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద, ఒడ్డుకి వచ్చినప్పుడల్లా కొరుక్కుపోయేవాడు. ఏటమ్మ ఎంత పోసినా పిల్ల ఒళ్ళు చేసేది కాదు. పైగా వాడు ఊరుకోకుండా, ఈసారి తుఫాను రానీ, మిగిలినదంతా ఒక్క గుటకలో కానిచ్చేస్తానని పీతలతోనూ నత్తలతోనూ చెప్పుకు తిరిగేవాడు.

ఏటమ్మకి అన్నం సయించడం మానేసింది. ఆలోచించి ఆలోచించి పడమటమ్మ దగ్గరికి వెళ్ళింది. పడమటమ్మకి పెళ్ళీడుకొచ్చిన కూతురు కొండ ఉంది. తూర్పమ్మకి కొడుకు కొండ ఉన్నాడు. ఆ ఇద్దరికీ ముడిపెడితే రెండు నేలలూ ఒకటౌతాయి. రెండూ ఒకటైతే మధ్యలో సముద్రుడికి కాలు పెట్టే చోటుండదు. చోటు లేకపోతే పిల్లని కొరికేవాడుండడు. ఏటమ్మ బుర్ర చూశారా.

పడమటమ్మ సరేనంది. మబ్బులు కబురు మోశాయి. తూర్పమ్మా సరేనంది. పెళ్ళి కుదిరిపోయింది. పందిరి ఎక్కడా? ఇద్దరికీ మధ్య, మెత్తమ్మ ఉన్నచోటే.

ఏటమ్మ పెళ్ళిపెద్ద కదా, తలంబ్రాలు తనే కలిపింది. కొండల పెళ్ళికి బియ్యమేం సరిపోతాయి? కొండ మీంచి మెరిసే ఇసుక పలుకులు ఏరి తెచ్చింది. పసుపు బదులు ఎర్రమట్టి పట్టించింది. ఎండబెట్టి, చెరిగి, మెత్తమ్మ గుప్పిట్లో పోసి వేళ్ళు మూసింది. అదీ మెత్తమ్మకి పుట్టి బుద్ధెరిగాక అప్పజెప్పిన మొదటి పని.

"పెళ్ళికూతురు అడిగేదాకా పిడికిలి విప్పకు. నీళ్ళొచ్చినా నిప్పొచ్చినా విప్పకు," అంది ఏటమ్మ.

మెత్తమ్మ విప్పనంది. ఆ పిల్లకి గుప్పిట గట్టిగా మూయడమే రాదు. బురద కదా, వేళ్ళ సందుల్లోంచి వేళ్ళే కారిపోయేవి. అయినా విప్పనంది.

పెళ్ళిరోజు వచ్చింది. ఇక్కడ మర్యాద ఒకటుంది. మగపెళ్ళివారు పొలిమేరలో ఆగాలి. ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళి, పానకం ఇచ్చి, వచ్చిన పెద్దావిడ కాళ్ళకి పసుపు రాసి, అప్పుడు లోపలికి తీసుకురావాలి. అంటే ఒకరు ఆగాలి, ఒకరు నడవాలి. ఇంతే. ఇందులో తప్పు చెయ్యడానికేముంది?

ఉంది. తూర్పమ్మ మరీ మంచి మనిషి. వియ్యపురాలికి మోకాళ్ళ నొప్పులని ఎవరో చెప్పారు. అంత నొప్పితో ఆవిణ్ణి నడిపించడం ఏం బాగుంటుంది, మనమే నాలుగడుగులు వేద్దామని పొలిమేర దాటి బయల్దేరింది. పడమటమ్మ అది చూసింది. మగపెళ్ళివారు తమంతట తాము నడిచొస్తే ఇంకేమైనా ఉందా, లోకంలో తలెత్తుకోగలమా అని పరుగందుకుంది. ఈవిడ పరుగు చూసి ఆవిడ పరుగు.

"మీరాగండి వదినగారూ, మేమొస్తున్నాం."

"మీరే ఆగండి వదినగారూ, మీకెందుకు శ్రమ."

మర్యాద మీద మర్యాద. పరుగు మీద పరుగు. సముద్రుడు ఇద్దరి మధ్యా నలిగి, పీతల్ని చంకన పెట్టుకుని దక్షిణానికి పారిపోయాడు. పందిరి గుంజలు విరిగాయి. దగ్గరికొచ్చేశాక పడమటమ్మ పసుపు గిన్నెతో వంగింది, వదినగారి కాళ్ళకి రాద్దామని. తూర్పమ్మ ఆగబోయింది. ఆగితేగా. అంత ఒళ్ళు ఆగుతుందా? వంగిన పడమటమ్మ అంచు తూర్పమ్మ పాదం కిందికి దూరిపోయింది. తూర్పమ్మ ఆ అంచు మీదికి ఎక్కేసింది.

మధ్యలో మెత్తమ్మ.

రెండు నేలల బరువూ మీద పడింది. పిల్ల కిందికి జారింది. చేపలుండే చోటు దాటింది. చీకటి మొదలయ్యే చోటు దాటింది. చీకటి ముగిసిపోయి, చీకటికే చీకటి మొదలయ్యే చోటుకి పోయింది. పిడికిలి మాత్రం మూసే ఉంది.

పైన ఏటమ్మ గొల్లుమంది. ఒక్కడుగు వెనక్కి వెయ్యండి, నా పిల్ల కింద పడిపోయిందని ఇద్దరినీ బతిమాలింది. పెళ్ళి ఎదురుకోలులో వెనకడుగు వేస్తే అశుభం కదా. పడమటమ్మ వెయ్యనంది. తూర్పమ్మ అసలు వెయ్యనంది. ఇద్దరూ ఇంకా ముందుకే నెట్టుకున్నారు. భుజం మీద భుజం లేచి కొండయింది. కొండ మీద కొండ లేచింది. ఎంతెత్తు లేచిందంటే, అటుగా పోతున్న చందమామ బుగ్గ దానికి గీసుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చూసుకోండి.

కింద మెత్తమ్మ పడి పడి ఒక గట్టి వీపు మీద ఆగింది. అది బండమామ్మ వీపు. పడమటమ్మకి అడుగున ఉండి, కొండల్నీ అడవుల్నీ ఏనుగుల్నీ అన్నిటినీ మోసేది ఆవిడే. ఆవిడ పుట్టినప్పుడు ఆకాశం ఇంకా ఉయ్యాల్లో ఉంది. ఆవిడే ఊపి జోకొట్టింది.

"ఎవరే అది, నా వీపు మీద జిగటజిగటగా?" అంది బండమామ్మ.

మెత్తమ్మ ఏడుస్తూ తన కథంతా చెప్పింది. పైనుంచి తొక్కేస్తున్నారు, చచ్చిపోతున్నాను మామ్మా అంది.

"చచ్చేవాళ్ళు ఇంత గొంతేసుకుని అరవరే గుంటా. నేనూ ఒకప్పుడు నీలాగే మెత్తగా, పనికిమాలినదాన్లా ఉండేదాన్ని. తొక్కారు. ఇదిగో, ఇలా అయ్యాను. ఏం, బాగాలేనా?"

చీకట్లో ఏం కనపడుతుంది? అయినా బాగున్నావనే అంది మెత్తమ్మ. మామ్మ సంతోషించి దగ్గరికి తీసుకుంది. బరువుకి ఎదురు నిలబడితే పిండైపోతావు, చీర కుచ్చిళ్ళు పెట్టుకున్నట్టు మడత పడమని నేర్పింది. మడత మీద మడత, ఆ మడత మీద ఇంకో మడత. నొక్కినప్పుడల్లా ఒక్కో మడత. మెత్తమ్మ అలాగే పడింది. మొదట ఒళ్ళంతా నొప్పి. తర్వాత ఆ నొప్పే అలవాటైంది. మడతలు పడ్డకొద్దీ ఒంట్లో నీళ్ళన్నీ పిండుకుపోయి, పిల్ల గట్టిపడడం మొదలుపెట్టింది. జీవితంలో మొదటిసారి పిడికిలి బిగుసుకుంది.

అంతా బాగానే ఉంది, అగ్గయ్య రాకపోతే.

అగ్గయ్య ఇంకా కిందుంటాడు. మాట తేనె, ఒళ్ళు కొలిమి. వాడు దగ్గితే నరకంలో ఉన్నవాళ్ళకి ఉక్కపోసేది. వాడు పాక్కుంటూ వచ్చి మెత్తమ్మ పక్కన చేరాడు. ఎందుకమ్మా ఈ అవస్థ అన్నాడు. ఎవరి పెళ్ళికో నువ్వు నలగడమేమిటన్నాడు. చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పాడు:

"కరిగిపో తల్లీ. కరిగితే బరువుండదు, నొప్పుండదు. నీ పేరు కూడా నీకు గుర్తుండదు. హాయిగా నాతో పారుదువుగాని."

మెత్తమ్మ అలిసిపోయి ఉంది. మాట చల్లగా, చెయ్యి వెచ్చగా ఉన్నాయి. కొంచెం కరిగింది. ఒంట్లోంచి పాలచారల్లా తెల్లతెల్లగా పారడం మొదలైంది. హాయిగానే ఉంది. బరువు తెలియడం లేదు. తన ఊరు మర్చిపోయింది. సముద్రుణ్ణి మర్చిపోయింది. అమ్మ పేరు నోటిదాకా వచ్చి రాకుండా ఆగింది.

అప్పుడు వేళ్ళ సందులోంచి ఒక్క పలుకు జారబోయింది.

మెత్తమ్మ ఉలిక్కిపడింది. పిల్ల కరిగితే పిడికిలీ కరుగుతుంది. పిడికిలి కరిగితే తలంబ్రాలు పోతాయి. చటుక్కున చెయ్యి మూసింది. అగ్గయ్య చెయ్యి విదిలించుకుంది.

"మా అమ్మ నాకొక పని చెప్పింది. అది కానీ. ఆ తర్వాత నీ మాట ఆలోచిస్తాను," అంది.

అగ్గయ్య నవ్వాడు. ఎన్నాళ్ళు పట్టుకుంటావో చూస్తానని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెత్తమ్మ పట్టుకుంది. పైనుంచి బరువు, కిందనుంచి వేడి, మధ్యలో ఆ పిడికిలి. కారిన తెల్లచారలు కారినచోటే గడ్డకట్టాయి. కరగకుండా పట్టుకున్నచోట నల్లచారలు నిలిచాయి. పిడికిలి మీద కూడా మడతలు పడ్డాయి. మడతపడి మడతపడి పిడికిలి ఒంట్లో కలిసిపోయింది. తలంబ్రాలు ఒళ్ళంతా సర్దుకున్నాయి. నొక్కుడుకి ఒక్కో పలుకూ ఎర్రరంగంతా లోపలికి పీల్చుకుని, ఉబ్బి, దానిమ్మ గింజంతయింది. కొన్నైతే గుమ్మడికాయలంత అయ్యాయి, ఆ కాలంలో.

పైన ఏటమ్మ ఏం చేస్తోందంటారా? ఏడ్చి ఏడ్చి విసుగొచ్చి కళ్ళు తుడుచుకుంది. కొంగు నడుముకి చుట్టింది. వియ్యపురాళ్ళిద్దరినీ తేరిపార చూసింది.

"మీరు కదలకండమ్మా. మీ మర్యాద మీరు కాపాడుకోండి. కొండని నేను కదుపుతాను," అంది.

వానని తోడు పిలిచింది. కొండ కొసకి ఎక్కింది. గోళ్ళతో గీరింది. గీరిన మన్ను ఒళ్ళో పోసుకుని దిగింది. మోసుకుపోయి సముద్రుడి నోట్లో పోసింది. మళ్ళీ ఎక్కింది. సముద్రుడు ఎంత దూరాన ఉన్నా వదల్లేదు. వాడికి ఇదేమిటో అర్థం కాలేదు. పిల్లని దాచిపెట్టి ఇప్పుడు కొండల్నే వడ్డిస్తున్నావేమిటని వెక్కిరించాడు.

"తిను బాబూ. నోరు నిండా ఉంటే నీ వాగుడు వినే బాధ నాకు తప్పుతుంది," అంది ఏటమ్మ.

ఎన్నాళ్ళు మోసిందంటే, తాబేళ్ళు పుట్టి, ముసలివై, మళ్ళీ పుట్టి, ఇంకా మోస్తూనే ఉందా ఈవిడ అని అడిగేంత కాలం. ఆకాశాన్ని పొడిచిన కొండ అరిగి మేఘమంత అయింది. మేఘం అరిగి తాటిచెట్టంత అయింది. పైన తరిగినకొద్దీ కింద బరువు తగ్గింది. బండమామ్మ నడుం సాగదీసింది.

"వెళ్ళవే ఇంక. మీ అమ్మ తవ్వుతున్న చప్పుడు వినలేక చస్తున్నాను," అని వీపుతో పైకి తోసింది.

అగ్గయ్య కూర్చున్నచోటే చల్లారిపోయాడు. మెత్తమ్మ మెల్లగా పైకి తేలింది. బరువు తగ్గినప్పుడల్లా ఒక నిట్టూర్పు వదిలింది. ఆ ఊపిరి ప్రతి ఎర్రపలుకు చుట్టూ తెల్లగా, సన్నటి అంచులా పేరుకుంది.

ఈలోగా కొండ తరిగి, వియ్యపురాళ్ళిద్దరికీ ఒకరి మొహం ఒకరికి కనిపించింది. కనిపించగానే మర్యాద పోయింది. నా అంచు మీద ఎక్కి తొక్కావని ఈవిడ. పానకంలో బెల్లం తక్కువైందని ఆవిడ. మాటా మాటా పెరిగింది. తూర్పమ్మ కొడుకుని చంకనేసుకుని చరచరా వెళ్ళిపోయింది. ఎంత దూరం అలిగి పోయిందంటే, ఎక్కడో దక్షిణం కొసకి చేరి, మంచు దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. ఇప్పటికీ లేవలేదు.

తూర్పమ్మ వెళ్ళినచోటు ఖాళీ అయింది. ఖాళీ చూస్తే సముద్రుడు ఆగుతాడా? పీతల్ని దింపి, గుర్రుమంటూ తిరిగొచ్చాడు. అది ఏటమ్మ చూసింది. ఇన్ని యుగాలు తవ్వింది పిల్లని వీడి నోటికి అందించడానికా అని ఒడ్డంతా వెతుక్కుంటూ పరిగెత్తింది. మెత్తటి బురద ఎక్కడా లేదు. ఒడ్డున ఒక రాయి మాత్రం లేచి నిలబడి ఉంది. మడతల చీరలాంటి చారలు, తళుకుతళుకుమనే ఒళ్ళు. ఇలాంటి రాయిని లోకంలో అంతకుముందు ఎవరూ చూళ్ళేదు.

"అమ్మా," అంది ఆ రాయి. గొంతు కంచు గిన్నె మోగినట్టు ఖంగుమంది.

ఏటమ్మ ఆగలేదు. "నువ్వెవరో గొప్పింటిపిల్లలా ఉన్నావమ్మా. అడ్డు లే. మా పిల్ల మెత్తన, వాడు తినేస్తాడు," అంటూ దాటిపోబోయింది.

మెత్తమ్మ ఎండకి తిరిగి నిలబడింది. ఒంటినిండా ఎర్రపలుకులు ఒక్కసారి వెలిగాయి.

ఏటమ్మ నిలిచిపోయింది. దగ్గరికొచ్చి, తడిచెయ్యితో ఒక పలుకుని తడిమింది. తను ఏరిన పలుకే. తను పట్టించిన రంగే. ఒక్కటీ పోలేదు.

"విప్పలేదా?" అని అడిగింది.

"విప్పొద్దన్నావుగా," అంది మెత్తమ్మ.

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకునేలోపే సముద్రుడు నోరు తెరుచుకుని లేచాడు, ఏడు తాటిచెట్ల ఎత్తున. ఏటమ్మ పాత అలవాటుగా అడ్డం పడబోయింది.

"జరగమ్మా. ఈసారి నన్ను కొరకనీ," అంది మెత్తమ్మ.

సముద్రుడు కొరికాడు. ఫట్‌మంది. ఆ చప్పుడికి లంకలో కోతులు చెట్ల మీంచి రాలాయి. వాడి పళ్ళన్నీ పిండిపిండై తెల్లగా చెల్లాచెదరయ్యాయి. వెనక్కి వెళ్ళి, నమ్మలేక మళ్ళీ వచ్చి కొరికాడు. మళ్ళీ పిండి. ఇవాళ్టికీ నమ్మకం కలగలేదు వాడికి. వస్తూనే ఉంటాడు, తెల్లగా ఉమ్ముకుంటూ పోతూనే ఉంటాడు.

ఏటమ్మ కూతుర్ని ఒరుసుకుని కూర్చుంది. పిల్ల దక్కింది గాని ఆ పెళ్ళి పాడైపోయింది కదే, నీ కష్టమంతా దండగైపోయింది కదే అని నొచ్చుకుంది.

"పాడవడమేమిటమ్మా, ఆగింది. అలక తీరితే వాళ్ళే వస్తారు. వచ్చేసరికి తలంబ్రాలు పీటల దగ్గరుండాలా వద్దా?" అని మెత్తమ్మ తన ఒంట్లోంచి గుప్పెడు పలుకులు రాల్చి తల్లి ఒళ్ళో పోసింది. "పట్టుకెళ్ళి ఒడ్డున పోసి ఉంచు. కావలసినన్ని ఉన్నాయి నా దగ్గర."

ఏటమ్మ పట్టుకెళ్ళి పోసింది. సముద్రుడు వాటిని నోట్లో వేసుకున్నాడు, నమలలేక ఒడ్డునే ఉమ్మేశాడు. వాడు చేసిన మంచి పని అదొక్కటే.

అప్పటినుంచే మన తూర్పు కొండల రాళ్ళకి కుచ్చిళ్ళలాంటి చారలు. కరిగినచోట తెల్లచార, పట్టుకున్నచోట నల్లచార, వాటినిండా తెల్ల అంచు కట్టిన ఎర్రపలుకులు. అప్పటినుంచే పెళ్ళికూతురు కొండ పచ్చచీర కట్టుకుని ఒడ్డునే నిలబడి, తూర్పుకేసి చూస్తూ హాయిగా గాలి పోసుకుంటోంది. వానలు వెలిశాక సముద్రం ఒడ్డుకి వెళితే, తడి ఇసుక మీద సన్నగా, పొడుగ్గా ఎర్రటి చార కనిపిస్తుంది. తొక్కకుండా పక్కనించి నడవండి. మగపెళ్ళివారు ఇంకా రాలేదు.